స్వహస్తమా, పరహస్తమా?

ఎవరి పని వారే చేయవలెనని బోధించుటకు మన పెద్దలు చెప్పు కథ యొకటి కలదు. చాకలి యింట దొంగ ప్రవేశించినప్పుడు కుక్క మొఱగకుండెనట. యజమానునియందలి విశ్వాసముచేత గాడిద యోండ్రపెట్టి, నిద్ర చెడిన ఆ యజమానునిచేతనే దెబ్బలు తినెనట. ఈ కథ మాకు చిన్ననాటనుండియు గిట్టదు. ధర్మమును విడిచినది కుక్క. శిక్ష ననుభవించినది గాడిద. ఇట్టి నీతులనే చూపి మన దేశమున తరతరములుగా కమ్మరి కొడుకును కొలిమికడను, కరణము కొడుకును కవిలెకట్టకడను కట్టివేసిరి. కావున ఒకరి పని యొకరు నేర్చి చేయుటయే మేలని మేము నమ్మితిమి. ఆ నమ్మకముతోడనే బర్మింగుహాము నగరమున నొక పాత స్పోర్ట్సు కారు క్రిందికి దూరితిమి. ఆ కారు మాకు చెప్పిన యుత్తరము మా నమ్మకమునకును సరిపడలేదు, గాడిద కథకును సరిపడలేదు.

అది మాజ్డావారి ఎమ్.ఎక్స్.-5. 1989లో లోకమునకు వచ్చిన రకము. ఇద్దరు మాత్రమే కూర్చుండదగినది. ఇంజను ముందుండును; తిరుగునవి వెనుక చక్రములు. ఆ వెనుక చక్రముల నడుమ డిఫరెన్షియలను పెట్టె యుండును. కారు మలుపు తిరుగునప్పుడు వెలుపలి చక్రము లోపలిదానికంటె నెక్కువ దూరము పోవలెను. రెంటిని నొకే యిరుసునకు బిగించినచో ఏదో యొకటి నేలపై నీడ్వబడును. ఒకే యింజను బలముచేత రెండును వేఱువేఱు వేగములతో తిరుగునట్లు చేయుటయే ఈ పండ్లచక్రముల పెట్టె పని. ఫ్రాన్సు దేశమున ఒనెసిఫోర్ పెకూర్ అను గడియారముల పనివాడు 1827లో దీనికి పేటెంటు పొందెను. కాని దీనియం దొక దుర్గుణము కలదు. ఒక చక్రము పట్టు తప్పి గిఱ్ఱున తిరుగునప్పుడు, పట్టున్న రెండవదానికి చాలినంత బలము చేరదు. పందెపు కార్లకు ఇది పెద్ద చిక్కైనందున 1935లో ఫెర్డినాండు పోర్షే ఆటో యూనియను కార్లకొఱకు జెడ్.ఎఫ్. కంపెనీచేత జాఱుడు నరికట్టు డిఫరెన్షియలును చేయించెను. నేడు స్పోర్ట్సు కార్ల యజమానులు తమ మామూలు పెట్టెను తీసి అట్టిదానిని పెట్టుకొనుటకు ఉబలాటపడుదురు. ఆ పని ఇంట చేసికొందుమా, నిపుణుని షెడ్డుకు పంపుదుమా యని వారిలో వాదములు తెగవు.

మా యవసరము అంత గొప్పది కాదు. పినియను ముందుండు సీలునుండి నూనె కారుచుండెను, అంతే. సీలు వెల స్వల్పము. కూలి దానికి పదింతలు. ఇంజనీరింగు పట్టా పుచ్చుకొన్నవారము ఇంతమాత్రము చేయలేమా యని కారు నెత్తి, స్టాండులపై నిలిపి పని ప్రారంభించితిమి. ఆ సాయంకాలము ఫోనులో మా మాతృశ్రీ మా చేతులను చూచి, "ఇందుకేనట్రా నిన్ను అంత చదివించింది?" అని కంట తడిపెట్టెను. నూనె మరక యంటిన చేయి చదువునకు అవమానమని తలచు ఈ వ్యాధి మన యిండ్లలో నింకను మానలేదు. విజయవాడ ఆటోనగరులో నొక మెకానిక్కు చెవితో విని పట్టుకొను దోషమును పట్టభద్రుడు పుస్తకము తిరగవేసియు పట్టలేడు. అయినను వియ్యమందునప్పుడు ఎవరికి పీట వేయుదుమో చదువరు లెఱుగుదురు. ఆ గర్వముతో, అనగా గర్వమును జయించితిమన్న గర్వముతో, మేము ఆ పెద్ద నట్టును బిగించితిమి.

తప్పిక్కడనే జరిగెను. ఆ నట్టునకు వెనుక, రెండు బేరింగుల నడుమ, పలుచని ఉక్కు గొట్టపుముక్క యొకటి యుండును. నట్టు బిగించినకొలదియు అది నలిగి కుఱుచయగుచు బేరింగులపై బిగువును నిర్ణయించును. నట్టును త్రిప్పుటకు వందకు మించిన న్యూటను మీటర్ల బలము కావలెను. చివర కొలవవలసిన బిగువో, పినియను తిరుగుటకు పట్టు ఒకటి రెండు న్యూటను మీటర్లు మాత్రమే. ఏనుగును తోలుచు చీమ యడుగును కొలిచినట్టి పని యిది. ఒకమాఱు మితిమీఱి నలిగిన ముక్క మఱల సాగదు, నట్టు వదలు చేసిన ప్రయోజనము లేదు, ముక్కను మార్చవలసినదే. విప్పుటకు ముందే నట్టు స్థానమును గుర్తుపెట్టి, బిగువును కొలిచి వ్రాసికొనవలెనని పుస్తకమున స్పష్టముగా నున్నది. మేము ఆ వాక్యమును చదివితిమి గూడ. కాని బిగువుగా నుండుట మంచిదే కదా యని మఱికొంత బిగించితిమి.

మూడు వారములైన పిదప ఎమ్-6 రాజమార్గమున, ప్రక్క సీటులో మా బావమఱది యుండగా, వెనుకనుండి తోడేలు కూతవంటి ధ్వని బయలుదేఱెను. మాడిన నూనె కంపు కొట్టెను. తరువాతి విడిదిలో నిలిపి చూడగా పెట్టె ముక్కు చేయి పెట్టరాని వేడి. డెబ్బది మైళ్ల వేగమున ఆ బేరింగు పట్టివేసినయెడల వెనుక చక్రములు రెండును ఒక్కసారిగా నిలిచిపోయెడివి. మా వెనుక నొక లారీయు, దాని ప్రక్కన పిల్లలున్న కారొకటియు వచ్చుచుండుట మాకు జ్ఞాపకము. బావమఱది చాలసేపు మాటాడక, తుదకు, "బావగారూ, ఆ సీలు మార్చింది ఎవరు?" అని మాత్రము అడిగెను.

నాటినుండి మమ్ము వేధించిన ప్రశ్న యిది: మొదటిసారి చేయు పనికి మూల్యము ఎవరు చెల్లింపవలెను? ప్రతి నిపుణునికి నొక మొదటిసారి యుండెను. దానిని నిషేధించినచో లోకమున విద్యయే నశించును, మఱల కులవృత్తులే శరణ్యమగును. కావున మొదటిసారి చేయుట మా తప్పు కాదు. కమ్మరి కుఱ్ఱని మొదటి దెబ్బను తండ్రి ప్రక్కన నిలిచి చూచును. షెడ్డు కుఱ్ఱడు బిగించిన నట్టును మేస్త్రీ మఱియొకసారి పట్టి చూచును. మా వాకిట లేనిది పనిముట్టు కాదు, ఆ రెండవ కన్ను. కూలి పుచ్చుకొని చేయు పనిని తగిన శ్రద్ధతోను నేర్పుతోను చేయవలెనని ఇంగ్లండున 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టము విధించుచున్నది. మాకు మేమే కూలివారము, మేమే యజమానులము. ఎవరిపై ఎవరము వ్యాజ్యము వేయుదుము? ప్రక్క సీటులో కూర్చున్నవాడు మాత్రము ఏ యొప్పందముపైనను చేవ్రాలు చేయకయే తన ప్రాణమును మా నట్టునకు కట్టియుండెను.

అట్లయిన నోరు మూసికొని నిపుణునికి అప్పగించుటయే ధర్మమా? మేము మొదట వెళ్లిన షెడ్డువాడు, "కారు వదలి వెళ్లండి, లోపల జరుగునది మీకేల?" యనెను. అచ్చట వదలలేదు. ఇంటి మంచిచెడ్డలను కట్టినవానికంటె కాపురమున్నవాడే బాగుగ నెఱుగును, విందు రుచిని వంటవానికంటె అతిథియే బాగుగ తీర్పు చెప్పునని అరిస్టాటిలు తన రాజనీతి గ్రంథమున వాదించెను. ఆ కూతను మొదట విన్నది మేమే కదా! వినియోగించువానికి చేయు విద్య లేకపోవచ్చును, అడుగు విద్య యుండవలెను.

రెండవ షెడ్డు నడుపునది డిఫరెన్షియళ్లు తప్ప మఱియొకటి ముట్టని యొక ముసలి ఆంగ్లేయుడు. పెట్టెను కారునుండి విప్పి తెచ్చుట, తిరిగి బిగించుట మేమే చేసికొందుమన్న కాదనలేదు. "చేసికొనుడు, ఆ బోల్టులు తప్పుచేసిన తప్పని చెప్పును, లోపలివి చెప్పవు" అనెను. మేము తొమ్మిది నెలలు తలపోసిన వేదాంతమును అతడు ఒక్క ముక్కలో తేల్చివేసెను. కొత్త బేరింగులు వేసి, పండ్లకు పసుపుపచ్చని లేపనము పూసి త్రిప్పి, పినియను పన్ను క్రౌను పన్నును ఎచ్చట తాకుచున్నదో చూపెను. మచ్చ పన్ను నడుమ నుండవలెను. మొదటిసారి అంచునకు జరిగియుండెను. మా కంటికి అది బాగుగనే యున్నది. అతడు తల యూపి, అంతయు విప్పి, మిల్లిమీటరులో నూఱవ వంతుల లెక్కన మందము మార్చి బిళ్లను వేసి, మఱల పూసి త్రిప్పెను. రెండు పండ్ల నడుమ ఖాళీని డయల్ గేజితో నాలుగు చోట్ల కొలిచెను. అది వెండ్రుక మందమునకు కొంచె మటునిటు. ఆ మచ్చలను అతడు వేలకొలది చూచినాడు, మేము చూచినది ఒక్కటే. జాఱుడు నరికట్టు రకమును పనిలో పనిగా వేయింతుమా యని యడుగగా, "రోడ్డుపై నడుపుటకా, పందెములకా?" అని యెదురు ప్రశ్న వేసి, రోడ్డుకే యనగా మా డబ్బును మా జేబులోనే యుంచెను.

కొలతలన్నియు ఒక చీటిపై వ్రాసి యిచ్చెను. పెట్టెను మేమే ఎక్కించి, నూనె పోసి, ప్రతి బోల్టును టార్క్ రెంచితో బిగించి, రెండుమాఱులు గుర్తుపెట్టితిమి. ఆదివారమునాడు బావమఱది వచ్చి, తలుపు తెఱచి, కూర్చుండక, ఆ చీటిని చూపుమని యడిగెను. చూపితిమి. నిదానముగా చదివి, "మఱి మీరు బిగించిన బోల్టులను ఎవరు చూచిరి?" అనెను. రెంచిని అతని చేతికిచ్చి, మఱల జాకీ పెట్టితిమి.