మొక్కు లేని గుండు

ఆడదాని తల నున్నగా ఉంటే మనవాళ్ళకు మూడే కారణాలు తోస్తాయి: మొక్కు, జబ్బు, పాతకాలమైతే వైధవ్యం. నా గుండు ఈ మూడింటిలో దేనికిందకీ రాదు. "తిరుపతి వెళ్ళొచ్చారా?" అని నవ్వుతూ అడుగుతారు. కాదంటే గొంతు తగ్గించి, "ఒంట్లో ఎలా ఉంటోందమ్మా?" అంటారు. నాకిలా ఇష్టమని చేయించుకున్నానండీ అంటే మాట అక్కడితో తెగిపోతుంది.

తిరుపతేనని అనేస్తే గొడవ వదులుతుంది కదా అంటారు స్నేహితురాళ్ళు. నాకు మనసొప్పదు. కల్యాణకట్టలో తల తడుపుకుని, మెడ వంచి కూర్చుని, నడుము దాకా ఉన్న జడను దేవుడికి ఇచ్చేసే ఆడవాళ్ళను దగ్గరగా చూశాను. అది వాళ్ళు మనసారా ఇచ్చినది. దాన్ని నా సంజాయిషీకి వాడుకోలేను. తలకు చందనం పూసుకుని దర్శనానికి వెళ్ళే వాళ్ళను ఎవరూ వింతగా చూడరు. నన్ను చూస్తారు. దేవుడికిస్తే భక్తి, జబ్బుతో పోతే జాలి. ఊరికే ఇష్టపడి తీయించుకుంటే ఏమనుకోవాలో మనకెవరూ నేర్పలేదు.

మా పెద్దత్తయ్య బాధ మాత్రం వేరు. ఆవిడ నాయనమ్మకు చిన్నతనంలోనే భర్త పోయాడు. వీరేశలింగంగారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881లో. ఆ తర్వాత ఎన్ని దశాబ్దాలు గడిచినా వాళ్ళింటికి పెరటిదారిన మంగలి వస్తూనే ఉన్నాడట. ఆ ముసలావిడ ముసుగు తీసి తల వంచుతుంటే పిల్లల్ని లోపలికి తోలేసేవారట.

నన్ను చూడగానే అత్తయ్య అడిగిన మాట, "ఎవరు చేయించారే నీకు?"

"నేనే, అత్తయ్యా. సెలూన్‌కి వెళ్ళి చేయించుకున్నాను."

నమ్మనట్టు చూసి, నా తల మీద చెయ్యి వేసింది. అప్పటికి కాస్త మొలిచింది. "మా నాయనమ్మ పక్కలో పడుకుంటే ఇలాగే గుచ్చుకునేది" అంది.

వీధిలో వాళ్ళకు జవాబు చెప్పకపోయినా నాకేం కాదు. అత్తయ్యకు చెప్పాలి. వాళ్ళ నాయనమ్మ తల మీద ఊరంతటికీ హక్కుండేది, ఆ ముసలావిడకు తప్ప. నా తల నాదని నేను అనగలుగుతున్నానంటే ఆవిడ పడ్డదాన్ని మరిచిపోయి అనకూడదు.

మనవరాలి పెళ్ళికి వచ్చేటప్పుడు కొంగు కప్పుకుని రమ్మంది అత్తయ్య.

"కప్పుకుంటేనే మీ నాయనమ్మలా కనబడతాను అత్తయ్యా" అన్నాను.

ఔననలేదు, కాదనలేదు. మరి పూలెక్కడ పెట్టుకుంటావని అడిగింది.