సేవకు సాక్షి యెవరు?

వృద్ధులను, రోగులను పోషించు గృహములందు ధర్మమును నిలుపునది చట్టమా, లేక సేవకుని హృదయమా?

అమెరికా దేశమున 1987వ సంవత్సరపు చట్టము ననుసరించి అట్టి గృహములను 15 మాసములకు మించని వ్యవధిలో అధికారులు తనిఖీ చేయవలెను. వారు ముందుగా తెలుపక వత్తురు. కనుగొన్న ప్రతి లోపమునకును, దాని తీవ్రతను, వ్యాప్తిని బట్టి, 12 అక్షరములలో నొకదానిని గుర్తుగా నిత్తురు. ఇంతటి సూక్ష్మవ్యవస్థ యుండియు, 2017 సెప్టెంబరులో ఫ్లోరిడా రాష్ట్రమున తుపాను వలన ఒక గృహపు శీతలయంత్రములకు విద్యుత్తు నిలిచిపోగా, ఆ తాపమునకు 12 మంది మరణించిరి. వీథి కావలనే ఆసుపత్రి పనిచేయుచుండెను! మరుసటి సంవత్సరము, అట్టి గృహములందు విద్యుత్తు నుత్పత్తి చేయు యంత్రము లుండి తీరవలెనని ఆ రాష్ట్రము శాసించెను.

దీనిని బట్టి చట్టము వ్యర్థమని తలపరాదు. ఎంత కరుణ గలవాడైనను, లేని యంత్రమును ఆపత్సమయమున సృజింపజాలడు. ముందుచూపు గూడ దయలోని భాగమే. దానిని అందరిచేతను చేయించునది చట్టము.

కాని తనిఖీ యేటి కొకమారు. రోగి దాహము ప్రతి రాత్రియు. అధికారి రాకకై మాత్రమే గృహమును చక్కదిద్దువాడు రోగిని గాక తన భయమును సేవించుచున్నాడు. మన పెద్దలు అంతరాత్మను సర్వసాక్షి యనిరి. ఎవ్వరును చూడని అర్ధరాత్రమున, నోరు విప్పి అడుగలేని వృద్ధుని మెల్లగా ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టు వాడు ఆ సాక్షి యెదుటనే నిలిచియున్నాడు. అతనికి చట్టము భారము గాదు, తోడు.