క్రొత్త రింగులకు ఎంత బరువు?



ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతపు నల్లరేగడిలో శనగ విత్తు దినములు దగ్గరపడగా, బోరుకు వచ్చిన ట్రాక్టరు ఇంజినును విప్పించి లైనర్లు, పిస్టన్లు, రింగులు క్రొత్తవి వేయించుట రైతులెరిగిన సంగతే. ఇంజిను షెడ్డునుండి వచ్చునప్పటికి నేలలో పదును ఆరిపోవుచుండును. దానితో ఎంత పని చేయింపవచ్చునను చిక్కు అప్పుడే పుట్టును.

కొందరు ఆ దినముననే దానిని లోతు దుక్కికి దింపుదురు. క్రొత్త రింగులు, లైనరు గోడలు ఇంకను ఒకదానికొకటి అమరలేదు. రాపిడిచేత వేడెక్కి, నూనె పొర తెగి, గోడమీద గాట్లు పడును. మరికొందరు భయపడి, బరువే లేకుండ నెమ్మదిగా తిరుగనిత్తురు. ఇది జాగ్రత్తవలె కనబడును గాని ఇదియు చెరుపే. రింగును గోడకు అదిమిపట్టునది లోపల మండు వాయువుల ఒత్తిడి. బరువు లేనిచో ఆ ఒత్తిడి చాలదు. నూనె నిలుచుటకై గోడమీద పెట్టిన సన్నని అడ్డగీతలు మడ్డితో పూడి, గోడ అద్దమువలె నునుపగును. పిమ్మట ఇంజిను ఆయిలు త్రాగి నీలిపొగ విడుచును. తరచుగా మరల విప్పవలసినదే. అందుచేత తెలిసిన మెకానిక్కు, మొదటి గంటలలో మధ్యస్థమైన బరువు పెట్టి, వేగము మార్చుచు నడుపుమనును.

త్రాగుడు విడిచి సంఘమునకు తిరిగివచ్చిన సహోదరుని విషయములో మనము ఈ రెండు విధములుగాను నడుచుచున్నాము. మూడవ ఆదివారమునకే కానుకల సంచి చేతికిచ్చి, ప్రతి కూటములో సాక్ష్యము చెప్పుమందుము. క్రొత్తవానిని అధ్యక్షునిగా నియమింపవద్దని పౌలు తిమోతిని ఊరక హెచ్చరింపలేదు (1 తిమోతి 3:6). లేదా సంవత్సరమెల్ల వెనుక చాపమీద కూర్చుండబెట్టి, చూతము లెమ్మందుము. చూచుటకు అతనికి ఏ పని ఇచ్చితిమి?

మార్కు పెర్గేలో వెనుదిరిగెను (అపొ. కార్య. 13:13). అతనిని మరల తీసికొనిపోవలెనా యని పౌలు, బర్నబా తీవ్రముగా వాదించి వేరైపోయిరి. ఎవరు సరియో లేఖనము చెప్పలేదు. నేనైతే బర్నబా పక్షమే. ఆయన మార్కును ఇంట ఊరక ఉంచలేదు, తన స్వదేశమైన కుప్రకు వెంటబెట్టుకొని వెళ్లెను. ఎరిగిన ద్వీపమే, అయినను నిజమైన పని. పిమ్మట ఆ పౌలే, పరిచర్యకు పనికివచ్చును, తీసికొని రమ్మని వ్రాసెను (2 తిమోతి 4:11).

మొదటిసారి మార్చిన ఆయిలులో సన్నని లోహపు పొడి కనబడును. దానిని చూచి ఇంజిను చెడెనని ఎవరును కేకలు వేయరు. సహోదరునిలో తొలి నెలలలో కోపమో, కూటములకు రాకపోవుటయో కనబడగానే “ముందే చెప్పితిమి” అనుట న్యాయమా? ముక్కలే రాలినయెడల మాత్రము సంగతి వేరు. అతడు మరల త్రాగినచో దానిని దాచుట ప్రేమ కాదు. సాత్వికముతో అతని యొద్దకు పోవలెను (గలతీ 6:1).

కానుకల సంచి సంగతి తరువాత చూడవచ్చును. శనగలు అమ్మి డబ్బు చేతికి వచ్చిన దినమున, ప్రొద్దుటూరినుండి సాయంకాలపు బస్సులో అతని ప్రక్కన కూర్చుండి ఊరికి వచ్చుటకు ఎవరు సిద్ధముగా నున్నారో సంఘపెద్దలు ఇప్పుడే అడిగి తెలిసికొనవలెను.