మనవాళ్ళే

మూడేళ్ళ కిందట ఒకామె మీద జరిగిన దాడిలో నేనూ ఉన్నాను. పెద్దగా ఏమీ చెయ్యలేదు, ఎవరో పెట్టిన స్క్రీన్‌షాట్ కింద ఒక వెటకారం రాశాను. చాలామంది నవ్వారు. ఒక దళిత కుర్రాడి హత్య గురించి రాస్తూ ఆమె 'పరువు హత్య' అంది. పరువేమిటి, కుల దురహంకార హత్య అనాలి. తప్పే. మర్నాడు దిద్దుకుంది కూడా. కానీ అప్పటికే ఆమె పాత ఫొటోలు, ఉద్యోగం, భర్త కులం అన్నీ బయటికొచ్చేశాయి. నెల తిరక్కుండా అకౌంట్ మూసేసింది. ఆ కుర్రాడి తల్లితో ప్రతి వాయిదాకీ కోర్టుకి వెళ్తున్నది ఆమె ఒక్కతేనని తర్వాత తెలిసింది. వెటకారాలు రాసినవాళ్ళం ఒక్కరం కూడా వెళ్ళలేదు.

ఇదంతా ఫోన్లు తెచ్చిన రోగం అనుకుంటే ప్రాణానికి హాయి. 1976 ఏప్రిల్‌లో అమెరికన్ ఫెమినిస్టు జో ఫ్రీమన్ 'మిస్' పత్రికలో ఒక వ్యాసం రాసింది. ఉద్యమంలో తోటి స్త్రీలే తనను ఎలా వెలివేశారో, తనమీద తనకే నమ్మకం పోయేలా ఎలా చేశారో చెప్పుకుంది. దానికి వాడిన పేరు 'ట్రాషింగ్', చెత్తకింద జమకట్టడం. విమర్శకీ దీనికీ ఆమె చూపించిన తేడా నాకు ఇప్పటికీ పనికొస్తోంది. విమర్శ నువ్వు చేసిన పని మీద ఉంటుంది. ఇది నీ మీదే ఉంటుంది. పని గురించైతే జవాబు చెప్పొచ్చు, దిద్దుకోవచ్చు. "నీ బుద్ధే అంత" అంటే ఏం దిద్దుకుంటారు? అంతకుముందు ఏ వ్యాసానికీ రానన్ని ఉత్తరాలు దానికి వచ్చాయి. రాసినవాళ్ళలో చాలామంది చెప్పింది ఒకటే: నాకూ ఇలాగే జరిగింది.

ఈ సంగతి పోలీసులకి మనకంటే ముందే తెలుసు. 1971 మార్చిలో కొందరు యుద్ధ వ్యతిరేకులు పెన్సిల్వేనియాలో ఒక ఎఫ్‌బీఐ ఆఫీసులోకి చొరబడి ఫైళ్ళు ఎత్తుకొచ్చారు. అలా 'కోయింటెల్‌ప్రో' గుట్టు బయటపడింది. బ్లాక్ పాంథర్ నాయకుల్లో హ్యూయీ న్యూటన్ కాలిఫోర్నియాలో, ఎల్డ్రిడ్జ్ క్లీవర్ అల్జీర్స్‌లో ఉండగా, ఒకరిమీద ఒకరికి అనుమానం రాజేసేలా ఎఫ్‌బీఐ దొంగ ఉత్తరాలు పంపింది. ఆ ఏడాదే పార్టీ చీలింది. అన్నీ ఉత్తరాలే చేశాయని కాదు, లోపల అప్పటికే నిప్పుంది. కానీ వాళ్ళకి టైపిస్టులు కావాల్సొచ్చింది, కవర్లు, స్టాంపులు కావాల్సొచ్చాయి. మన స్క్రీన్‌షాట్‌కి అవేవీ అక్కర్లేదు.

అలాగని "ఇంటి గుట్టు వీధిలో పెట్టకండి" అనేవాళ్ళ పక్కన నేను నిలబడలేను. ఐకమత్యం పేరు చెప్పి ఎన్ని నోళ్ళు మూయించారో తెలిసిందే. దళిత స్త్రీలు అటు స్త్రీవాదుల్నీ ఇటు దళిత ఉద్యమంలోని మగవాళ్ళనీ గట్టిగానే నిలదీశారు. గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన 'నల్లపొద్దు' లాంటి పుస్తకం చదివితే ఆ మాటలకి ఎంత అవసరం ఉందో అర్థమవుతుంది. అవి ఎవరినీ బయటికి గెంటడానికి అన్న మాటలు కావు, మమ్మల్నీ లెక్కలోకి తీసుకోండి అని అన్నవి. ఆ రోజు నా వెటకారం ఎవరినీ ఏమీ అడగలేదు. నేను సరైన మాట వాడతానని నలుగురికీ తెలియాలి, అంతే. ఈ సంగతి ఒప్పుకోడానికి నాకు చాలా కాలం పట్టింది.

ఆమె నంబరు సంపాదించి మెసేజ్ పెట్టాను. చూసింది, జవాబివ్వలేదు. ఇవ్వాల్సిన పనీ లేదు. కేసు ఇంకా నడుస్తూనే ఉంది. వచ్చే నెల వాయిదా ఉందట, ఆ తల్లి ఒక్కతే బస్సెక్కి వస్తుందట.