ఇష్టానికి గడప

ఆ మధ్య విద్యార్థుల అధ్యయన తరగతి ఒకటి జరిగింది. మొదటిరోజు పరిచయాల్లో ప్రతివారూ తమ పేరూ, చదువూ చెప్పి, తీరిక వేళల్లో తమకు బాగా ఇష్టమైనవి మూడు చెప్పాలన్నారు. చాలామంది పుస్తకాలన్నారు. ఒకరిద్దరు క్రికెట్ అన్నారు. నా వంతు వచ్చినప్పుడు నేను దాచకుండా చెప్పాను: టెలివిజన్‌లో నాటకాలు చూడటం, క్రిస్మస్ పాటలు వినటం, కుక్కను సాకటం. నేను క్రైస్తవుణ్ణి కాను, దేవుణ్ణి నమ్మేవాణ్ణి అంతకన్నా కాను. అందుకే కాబోలు అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కాని ఆ సాయంత్రం ఒక విద్యార్థి నా దగ్గిరికి వచ్చి, నవ్వకుండానే అడిగాడు: "మాస్టారూ, మీరు చెప్పిన మూడూ తీరుబడి గలవాళ్ళ సరదాలు కదా. ఒకటి వ్యాపారస్థులు అమ్మే వినోదం, ఒకటి మతం, ఒకటి మేడలవాళ్ళ ముచ్చట. మాకు పాఠం చెప్పే మీరు వీటిని ఎట్లా సమర్థించుకుంటారు?"

అప్పటికేదో చెప్పి తప్పించుకున్నాను. ఆ ప్రశ్న మాత్రం నన్ను వదలలేదు. సమాజం మారాలని కోరేవాడికి సొంత ఇష్టాలు వుండవచ్చునా? వుంటే, అవి అతని నమ్మకాలతో నిమిత్తం లేకుండా ఒక మూల పడివుండగలవా?

ఆ కుర్రవాడి ఆక్షేపణలో బలం లేకపోలేదు. మన ఇష్టాల్లో చాలాభాగం మనం ఎంచుకున్నవి కావు, మనకు అంటగట్టినవి. 1984లో దూరదర్శన్‌లో "హమ్ లోగ్" మొదలైనప్పుడు దేశమంతా ఒక దిగువ మధ్యతరగతి కుటుంబం కష్టసుఖాలను తనవిగా చేసుకుంది. ఆ ధారావాహిక వెంట మన యిళ్ళలోకి మాగీ నూడిల్స్ కూడా వచ్చాయి; దాని ఖర్చు భరించింది ఆ సరుకు తయారుచేసే కంపెనీయే. కన్నీళ్ళు మనవే. ఆ కన్నీళ్ళ ముందు దుకాణం పెట్టినవాళ్ళు వేరే వున్నారు. కనక "నా ఇష్టం నా సొంతం" అనేవాడు ఆ మాటలో ఎంత సొంతమో ఒకసారి చూసుకోవటం మంచిది.

యిట్లాంటి ప్రశ్న వచ్చినప్పుడు మనవాళ్ళు సాధారణంగా చేసే పని పెద్దలను సాక్ష్యానికి పిలవటం. నేనూ ఆ పనే చేశాను. 1865లో మార్క్స్ కూతుళ్ళు యింట్లో ఒక ప్రశ్నల ఆట ఆడుతూ తండ్రిని కూడా కూర్చోబెట్టారు. ఆయన తనకు ఇష్టమైన రంగు ఎరుపనీ, ఇష్టమైన తిండి చేప అనీ, ఇష్టమైన పని పుస్తకాలు తిరగెయ్యటమనీ జవాబిచ్చాడు. ఎరుపుకు అర్థం చెప్పవచ్చు గాని, చేపకు ఏ అర్థం చెబుతాం? లెనిన్ సంగతి మరొకటి. బీతోవెన్ సంగీతం ఆయనకు ప్రాణమనీ, అయినా అది తరచుగా వినలేననీ, వింటే మనుషుల తల నిమరాలనిపిస్తుందనీ, అది తల నిమరే కాలం కాదనీ ఆయన అన్నట్టు గోర్కీ రాశాడు. రోజా లక్సెంబర్గ్ 1917 డిసెంబరులో బ్రెస్లా జైల్లో వుండి స్నేహితురాలికి ఉత్తరం రాసింది. జైల్లో ఆమెకది వరుసగా మూడో క్రిస్మస్. యుద్ధంలో రుమేనియానుంచి పట్టుకొచ్చిన దున్నలను బండికి కట్టి, ఒక సైనికుడు తోలు చిట్లేట్టు కొడుతుంటే చూసి, ఆ మూగజీవి బాధ తన బాధగా ఏడ్చానని అందులో చెప్పింది. తర్వాత పదమూడు నెలలకే ఆమెను చంపేశారు. ఆమెకు విప్లవం మీద శ్రద్ధ చాలలేదని ఎవరూ అనలేరు.

యీ సాక్ష్యాలు బాగానే వున్నాయి. అయితే యివి వాదన కాదు. మార్క్స్ చేప తిన్నాడు గనక నేను కుక్కను పెంచవచ్చుననటం, తాతలు చేశారు గనక మనమూ చేస్తున్నామనే ఆచారపరుల మాటకు ఎరుపు రంగు పులమటమే.

రెండో పద్ధతి యింకొకటి వుంది: మన ఇష్టానికి మంచి వంశవృక్షం సంపాదించటం. నాకు ప్రియమైన ఇంగ్లీషు క్రిస్మస్ పాటల్లో "ఓ హోలీ నైట్" ఒకటి. దాని ఫ్రెంచి మూలం 1847 నాటిది. రాసినవాడు ప్లాసీద్ కాప్పో అనే ద్రాక్షసారా వర్తకుడు. 1855లో దాన్ని ఇంగ్లీషు చేసిన జాన్ సల్లివన్ డ్వైట్ అమెరికాలో బానిసత్వాన్ని వ్యతిరేకించిన వాళ్ళలోవాడు; బానిస మన సోదరుడేనన్న భావం ఆ పాటలో వుంది. యిది తెలిసిన రోజున నేను ఎంత సంతోషించానో! నా ఇష్టానికి పౌరసత్వం దొరికినట్టయింది. కాని నిజం చెప్పాలంటే, నాకా పాట నచ్చింది డ్వైట్ పేరు వినకముందు. స్వరం నచ్చింది, చలికాలం రాత్రి నచ్చింది. కారణం తర్వాత వెతుక్కున్నాను. ముందు అనుభవించి తర్వాత హేతువు కుదుర్చుకోవటం ప్లీడరు పని, ఆలోచనాపరుడి పని కాదు.

క్రిస్మస్ పాటల మీద నా ఇష్టానికి అసలు మూలం మరోచోట వుంది. మాది గుంటూరు జిల్లాలో ఒక వూరు. నా చిన్నతనంలో డిసెంబరు నెల రాత్రులు పేటనుంచి పాటల జట్టు బయలుదేరేది. ఒక లాంతరు, ఒక డప్పు, తాళాలు, పదిపదిహేనుమంది మనుషులు. తమ పేట అంతా తిరిగి, వూళ్ళోకి వచ్చి, కొన్ని యిళ్ళముందు నిలబడి పాడేవాళ్ళు. నేను దుప్పటి కప్పుకుని అరుగుమీద కూర్చుని వినేవాణ్ణి. ఆ పాటలు దూరంగా మొదలై, దగ్గిరై, మళ్ళీ దూరమై, చెరువుగట్టు అవతల సన్నగా వినిపించేవి. నా జీవితంలో అంత హాయి మరెన్నడూ ఎరగనని చాలా ఏళ్ళపాటు అందరికీ చెబుతూ వచ్చాను.

ఆ జట్టులో నాతో బళ్ళో చదివినవాడు ఒకడుండేవాడు. తర్వాత అతనూ ఉపాధ్యాయుడై, నాలాగే రిటైరయినాడు. కొన్నేళ్ళ కిందట ఒక పెళ్ళిలో కలిస్తే, యీ సంగతే ఎంతో ఆప్యాయంగా అతనికి చెప్పాను. అతను ఓపికగా విని, "నీకు పాటలు గుర్తున్నాయిరా. నాకు మీ అమ్మ డబ్బులు వేసిన తీరు గుర్తుంది" అన్నాడు. ఎట్లా వేసేదని నేను అడగలేదు. అడగవలసిన పని లేదు, నేను చూశాను. అరుగు మీదనుంచి, చెయ్యి చాలా ఎత్తున పెట్టి, కిందనున్న చేతిలో పడేట్టు జారవిడిచేది. పడకపోతే వాళ్ళు మట్టిలో వెతుక్కునేవాళ్ళు, లాంతరు దించి. నేను అరుగుమీద కూర్చుని, తర్వాతి పాట ఎప్పుడు ఎత్తుకుంటారా అని చూసేవాణ్ణి.

మా అమ్మ క్రూరురాలు కాదు. పాట బాగుందని ఆమె కూడా అనేది. మా యింట్లోకి పాటను రానిచ్చాం, పాడేవాళ్ళను రానివ్వలేదు. ఆ పాటలో నా హాయి అబద్ధం కాదు. కాని ఆ హాయికి ఒక గడప వుంది. అది వున్నట్టు గడపకు లోపలున్నవాడికి తెలియలేదు, బయటున్నవాడు ఒక్క క్షణం కూడా మరవలేదు.

యీ సంగతి తట్టిన తర్వాత మిగిలిన రెండు ఇష్టాలకూ గడపలు వెతకటం కష్టమేమీ కాలేదు.

1988 జనవరిలో దూరదర్శన్‌లో "తమస్" ప్రసారమయింది. భీష్మ సాహ్ని నవలను గోవింద్ నిహలానీ చిత్రంగా తీశాడు. భీష్మ సాహ్ని అభ్యుదయ రచయితల సంఘానికి చాలాకాలం నాయకుడు. ఆ చిత్రంలో ఒక ముసలి సిక్కుగా తానే నటించాడు కూడా. ప్రసారం ఆపాలని కొందరు కోర్టుకెక్కితే, ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ అర్జీని కొట్టేసింది. అవి ఆదివారం పొద్దున "రామాయణ్" వేళకు వీధులు నిర్మానుష్యమయే రోజులు. మేము "తమస్" చూస్తున్నామని నాకు కొంత గర్వంగా కూడా వుండేది. మా యింట్లో పనిచేసే ఆమె కూడా చూసేది, వంటగది గడప దగ్గిర కింద కూర్చుని. హిందీ ఆమెకు రాదు. నేను కుర్చీలో కూర్చుని, మధ్యమధ్య కథ చెబుతుండేవాణ్ణి. తోళ్ళ పనిచేసే నత్థూకు ఎవరో డబ్బిచ్చి ఒక పందిని చంపమంటారు. అసలు ఎందుకో అతనికి చెప్పరు. మర్నాడు ఆ పంది మసీదు మెట్ల మీద పడివుంటుంది, వూరు అంటుకుంటుంది. నేను దేశవిభజన గురించి, బ్రిటిషువారి కుటిలనీతి గురించి వివరిస్తున్నాను. ఆమె వినీ విననట్టు వూరుకుని, "చేయించినోడు ఏమయ్యాడు బాబుగారూ?" అంది. నేనా సంగతి పట్టించుకోనే లేదు. నవల చివర, నత్థూ చచ్చిపోయిన తర్వాత, ఆ పని చేయించినవాడే శాంతియాత్ర బస్సులో కూర్చుని నినాదాలిస్తాడు. పుస్తకం అంతా చెప్పదలచుకున్నది ఆ ఒక్క ప్రశ్నలో వుంది. గడప దగ్గిర కూర్చున్న మనిషి దాన్ని పట్టుకుంది. ఆ తర్వాతైనా ఆమెకు కుర్చీ వేశానా? వెయ్యలేదు. ఆమె అడగలేదనుకున్నాను. మంచి నాటకం చూసినంత మాత్రాన మనిషి మంచివాడైపోడని చెప్పటానికి నాకు నాకన్న దగ్గిర సాక్ష్యం లేదు.

యిక కుక్క సంగతి. 1927 మార్చిలో అంబేద్కర్ మహాడ్‌లో చౌదారు చెరువు నీళ్ళు తాగటానికి వెళ్ళినప్పుడు, ఆ చెరువులో పశువులు తాగటానికి అడ్డులేదు; మనుషుల్లో కొందరికే అడ్డు. మనదేశంలో జంతుప్రేమను గురించి మాట్లాడేవాడు యీ సంగతి తెలిసి మాట్లాడాలి.

మా కుక్క వీధిలో దొరికిన నాటుకుక్కే. సాకటమంటే ముద్దుచేయటం కాదు. మూడు నెలలు నిండగానే పిచ్చికుక్క రోగానికి టీకా వేయించాలి, ఆ తర్వాత క్రమం తప్పకుండా వేయిస్తుండాలి. పార్వోకూ డిస్టెంపరుకూ వేరే టీకాలు. నట్టలకు మందు పట్టాలి. చెవులవెనకా వేళ్ళసందుల్లోనూ పిడుదులు చూడాలి. ఉల్లిపాయా, ద్రాక్షపళ్ళూ, చాక్లెట్టూ దానికి విషం. యీ పనులన్నీ నాకు ఇష్టం. ఒక ప్రాణి నామీద ఆధారపడి వుందన్నది నన్ను పొద్దున్నే లేపుతుంది.

2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో వీధికుక్కలు ఒక నాలుగేళ్ళ పిల్లవాణ్ణి చంపాయి. ఆ పిల్లవాడి తండ్రి కాపలాదారు. పొట్టచేతపట్టుకుని పట్నం వచ్చిన కుటుంబం. ఆ వార్త చదివినప్పుడు మా కుక్క నా కాళ్ళదగ్గిర పడుకుని వుంది. మా కాలనీలో రెండు జట్లు తయారయాయి. ఒకరు కుక్కలన్నిటినీ చంపాలన్నారు. ఒకరు కుక్కల తప్పేమీ లేదన్నారు. రెండు జట్లవాళ్ళ పిల్లలూ కారులోనే బడికి వెళతారు. వీధిలో నడిచేది, వీధిలో ఆడేది, వీధి పక్క పడుకునేది వేరేవాళ్ళ పిల్లలు.

పిచ్చికుక్క రోగం లక్షణాలు కనిపించిన తర్వాత మనిషి బతకటం దాదాపు కల్ల. కాని దాన్ని రాకుండా ఆపటం తేలిక. కరిచిన చోటును వెంటనే సబ్బుతో పదిహేను నిమిషాలపాటు ధారగా కడగాలి, ఆలస్యం లేకుండా టీకాలు మొదలుపెట్టాలి. గాయం లోతయితే సీరం కూడా యివ్వాలి. ప్రపంచంలో ఏటా 59 వేలమంది దీనితో చనిపోతున్నారనీ, వాళ్ళలో నూటికి నలభైమంది పదిహేనేళ్ళ లోపు పిల్లలనీ ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా. వూళ్ళో కుక్కల్లో నూటికి డెబ్భైకి టీకా వేస్తే రోగం వ్యాప్తి ఆగిపోతుంది. వీధికుక్కలకు సంతాననిరోధక శస్త్రచికిత్స చేసి, టీకా వేసే బాధ్యతను 2001లోనూ 2023లోనూ వచ్చిన నిబంధనలు స్థానిక సంస్థలమీద పెట్టాయి. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఢిల్లీ కుక్కలన్నిటినీ పట్టి ఆశ్రయాల్లో వుంచమని ఒకసారి చెప్పి, పదకొండు రోజులకే దాన్ని సవరించి, పిచ్చివీ కరిచే స్వభావం గలవీ తప్ప మిగిలినవాటిని టీకా వేసి తిరిగి వదలమంది. ఏ తీర్పు వచ్చినా, టీకా వేసే మనుషులూ, డబ్బూ, చెత్త ఎత్తే ఏర్పాటూ లేకపోతే చచ్చేది ఆ పిల్లలూ, ఆ కుక్కలూ. నా కుక్కకు క్రమం తప్పకుండా టీకా వేయించి, మునిసిపాలిటీని ఏనాడూ నిలదీయని నేను, జంతుప్రేమికుణ్ణి ఎట్లా అవుతాను? నాకు నా కుక్క అంటే ఇష్టం, అంతే.

అందువల్ల ఇష్టాలు వదులుకోవాలా? వదులుకుంటే ఎవరికేం లాభం? నేను పాటలు వినటం మానితే ఆ చిల్లర మట్టిలోనుంచి పైకి రాదు. నేను కుక్కను వదిలేస్తే వీధిలో యింకొక కుక్క పెరుగుతుంది. వైరాగ్యం కూడా ఒక సొంత సరదాయే. దానికీ గడప వుంటుంది. అదీగాక, మనిషి బతుక్కి ఏ ప్రయోజనమూ లేని సంతోషం కొంత కావాలి. రోజంతా పనిచేసి వచ్చినవాళ్ళకు పాట వుండాలనే కదా మనం పోరాడేది. మార్క్స్ తిన్న చేపకు అర్థం చెప్పనక్కర లేదు.

కాని "యిది నా సొంతం" అన్న మాట దగ్గిర ఆలోచన ఆపటానికి వీల్లేదు. ఇష్టపడటం తప్పు కాదు. ఆ ఇష్టాన్ని మన చేతికి అందించినవాళ్ళు ఎక్కడ నిలబడి వున్నారో చూడకపోవటం తప్పు. పాట ఇష్టమైతే పాడేవాడు, నాటకం ఇష్టమైతే పక్కన చూస్తున్న మనిషి, కుక్క ఇష్టమైతే వీధిలో వున్న కుక్కా పిల్లవాడూ మన లెక్కలోకి రావాలి.

పోయిన డిసెంబరులో నేను ఆ స్నేహితుడి పేటకు వెళ్ళాను. రమ్మని అతను పిలవలేదు. వస్తానని నేనే కబురు చేశాను. చర్చి ముందు పందిట్లో కింద కూర్చుని పాటలు విన్నాను. డప్పులు పోయి కీబోర్డూ స్పీకర్లూ వచ్చాయి. చిన్నతనంలో విన్నంత బాగా లేవనిపించింది. అయినా దూరమైపోతున్న పాటకోసం చెవులు రిక్కించవలసిన అవసరం లేకపోయింది. మధ్యలో నా స్నేహితుడు వచ్చి పక్కన కూర్చున్నాడు. పాత సంగతి అతను ఎత్తలేదు. నేను ఎత్తాలనుకున్నాను, ఎట్లా మొదలుపెట్టాలో తెలియక వూరుకున్నాను. వచ్చే ఏడు మళ్ళీ వెళ్ళాలి.

ఆ విద్యార్థికి నేను యివ్వవలసిన జవాబు యింతవరకే వచ్చింది. నా ఇష్టాలను నేను సమర్థించుకోలేదు. వాటివల్ల నేను పడిన బాకీ ఎంతో లెక్క చూసుకోవటం మొదలుపెట్టాను. అతను కూడా తన పుస్తకాల ఇష్టాన్ని యిదే తీరున ఒకసారి లెక్క చూసుకుంటాడని ఆశిస్తున్నాను.