నోవా ఓడలో రాబందు



రాబందు పేరెత్తితే మన ఇళ్లలో ఎవరికీ గిట్టదు. ఇంటిమీద వాలితే అరిష్టమంటారు. పేదవాని దగ్గర వడ్డీలు గుంజేవాణ్ణి రాబందు అని తిడతారు. లేవీయకాండము సైతం దానిని తినరాని పక్షులలో చేర్చింది. అయితే ఆదికాండము 7వ అధ్యాయము ఒకసారి తీసి చూడండి. శుచియైన జంతువులను మాత్రమే ఓడలోనికి ఎక్కించుకొమ్మని సర్వేశ్వరుడు నోవాతో అనలేదు. అశుచియైన వాటిని కూడా జతగా తీసుకొమ్మన్నాడు. జలప్రళయము తరువాత చేసిన నిబంధన కూడా ఓడ దిగిన ప్రతి ప్రాణితోనూ చేసినదే. అందులో రాబందుకూ భాగమున్నది.

శ్రీరాంపూర్ బొగ్గుగనుల మధ్య బ్రతికే మనకు ఇది దూరపు సంగతి కాదు. మన పాత ఆదిలాబాదు జిల్లాలోనే, బెజ్జూరు అడవులలో, పెద్దవాగు ప్రాణహితలో కలవబోయే తావున పాలరాపు గుట్ట ఉన్నది. నిట్టనిలువు రాయి. 2013లో ఆ రాతి అరలలో పొడవు ముక్కు రాబందుల గూళ్లు కనబడ్డాయి. కొండకొమ్మున గూడు కట్టి, శవమున్న చోటికి చేరే పక్షిని గురించి యోబు గ్రంథము 39వ అధ్యాయములో ప్రభువే మాట్లాడతాడు. ఆ పక్షి రాబందే అయి ఉండవచ్చునని చెప్పే పండితులున్నారు.

ఇంతకూ ఇవి ఎందుకు కరువయ్యాయి? వేటగాళ్ల వలన కాదు. పశువుల నొప్పికి వాడిన డైక్లోఫెనాక్ అనే మందు వలన. ఆ మందు ఒంట్లో ఉండగా చచ్చిన గొడ్డును తిన్న రాబందుకు మూత్రపిండాలు చెడి, కొద్ది రోజులలోనే ప్రాణం పోతుంది. 1990ల నుండి పదిహేనేళ్లు తిరగకుండానే దేశములోని పొడవు ముక్కు రాబందులలో నూటికి తొంభైకి పైగా నశించాయి. రైతు చేసినది పాపమా? కుంటుతున్న ఎద్దుమీద జాలితోనే ఆయన సూది వేయించాడు. కారణమేమిటో 2004 నాటికి శాస్త్రజ్ఞులు తేల్చారు. 2006లో మన ప్రభుత్వము పశువులకు ఆ మందును నిషేధించింది. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ మందులనూ ఆపింది. మెలాక్సికామ్ అనే మందు పశువుకు నొప్పి తగ్గిస్తుంది, రాబందును చంపదు.

బప్తిస్మ యోహాను దగ్గరికి వచ్చిన జనులు మేమేమి చేయవలెనని అడిగితే ఆయన గొప్ప వ్రతాలేవీ చెప్పలేదు. సుంకరులకు సుంకము సంగతి, సైనికులకు జీతము సంగతి చెప్పాడు (లూకా 3). ఎవరి పనిలోని తప్పు వారు మానాలి. ఇక్కడ జరిగినదీ అదే. ఒక సీసా మానుకున్నారు, రాబందుకు ఊపిరి సలిపింది. పోపు ఫ్రాన్సిసు గారు 2015 నాటి 'లౌదాతో సీ' విశ్వలేఖలో ప్రాణులు మన అవసరానికే కాదు, తమంతట తామే విలువగలవని బోధించారు.

పులుల విషయములోనూ ఆశ కనబడుతున్నది. 2012లో కవ్వాల్ పులుల అభయారణ్యమైంది. మహారాష్ట్రలోని తాడోబా వైపు నుండి ప్రాణహిత దాటి వచ్చిన పులులు కాగజ్‌నగర్ అడవులలో పిల్లలను కన్నాయి. దేశములో 2006లో 1,411గా లెక్కతేలిన పులులు 2022 నాటికి 3,682 అయ్యాయి. కాని 2024 జనవరిలో అదే కాగజ్‌నగర్ అడవిలో పులులు చచ్చిపడినప్పుడు, గొడ్డు కళేబరానికి విషము పూసిన సంగతి బయటపడింది. ఆవును పోగొట్టుకున్నవాని కడుపుమంట అబద్ధము కాదు. పేదవానికి ఆవే బ్యాంకు. అందుకే అటవీశాఖ ఇచ్చే నష్టపరిహారము అతని చేతికి త్వరగా అందేటట్లు, కాగితాలు రాసిపెట్టగలిగిన మన విచారణ యువకులు తోడు వెళ్లడము కూడా సువార్త పనే. విషము పూసిన కళేబరము మీద పులి ఒక్కటే వాలదు గదా.

ఊళ్లలో పశువులున్న బంధువులు మనలో చాలామందికి ఉన్నారు. ఈసారి వెళ్లినప్పుడు, ఎద్దుకు సూది వేసే ముందు ఆ మందు పేరు అడగమని వారికి చెప్పండి. రాబందు జంట ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది. ఆ పిల్ల ఎదిగి తానూ గూడు కట్టడానికి ఐదేళ్లు పడుతుంది.