దేహమునందలి అంత్యక్రియ

తొలగింపదగిన దానిని తొలగించుటకు క్రోధము ఆవశ్యకమా? బిడ్డను దిద్దు తల్లికిని, శిష్యుని సరిచేయు గురువునకును, న్యాయపీఠముపై కూర్చుండినవానికిని ఈ ప్రశ్న నిత్యము ఎదురగుచుండును. కోపము లేనిదే కార్యము సాగదని కొందరి తలంపు. కోపమునకు వెరచి కార్యమునే విడిచిపెట్టుట సాధుత్వమని మరికొందరి తలంపు. ఈ రెండును ఎంతవరకు యథార్థములో పరీక్షించుటకు మానవదేహమే ఒక ఉదాహరణము నొసగుచున్నది.

దేహములో మరణము అరుదైన ఘటన కాదు, నిత్యకృత్యము. ఎర్ర రక్తకణము యొక్క ఆయువు సుమారు 120 దినములు. వయోజనుని దేహములో ఒక్క సెకండుకు సుమారు 20 లక్షల ఎర్రకణములు కాలము తీరి తొలగిపోవుచున్నవి. ఇంచుమించు అన్నియే క్రొత్తవి వచ్చుచున్నవి. ఇతర కణములలో పెక్కింటికి కూడ క్రమబద్ధమైన ఒక మరణవిధానము గలదు. 1972లో కెర్, వైలీ, కరీ అను ముగ్గురు శాస్త్రజ్ఞులు దానికి ‘అపోప్టోసిస్’ అని పేరిడిరి. ఆకులు రాలుట యని ఆ గ్రీకు పదమున కర్థము. ఈ విధముగా మరణించు కణము పగిలిపోదు. అది ముడుచుకొని, పొర చెడని చిన్న చిన్న తునుకలుగా విడిపోవును.

ఆ తునుకలను స్వీకరించునవి స్థూలభక్షకములను కణములు. 1882లో ఇటలీయందలి మెస్సీనా పట్టణమున మెచ్నికోవ్ అను శాస్త్రజ్ఞుడు పారదర్శకమైన నక్షత్రచేప పిల్లలో ముల్లు గ్రుచ్చి, సంచారకణములు దాని చుట్టును చేరుటను గాంచెను. ఇట్టి కణములు సూక్ష్మజీవులను మ్రింగి దేహమును రక్షించునని ఆయన ప్రతిపాదించెను. 1908లో నోబెల్ బహుమానమును పొందినవారిలో ఆయన యొకడు. నాటినుండి భక్షకకణములు సైనికులుగానే ప్రసిద్ధి కెక్కినవి. కాని ఈ సైనికులే తమవారికి అంత్యక్రియలు జరుపువారు కూడ.

మరణించు కణమును ఇవి గుర్తించు విధము విచిత్రమైనది. కణపు పొరకు లోపలి వరుస యొకటి, వెలుపలి వరుస యొకటి గలవు. ఫాస్ఫాటిడైల్ సెరీన్ అను కొవ్వు పదార్థమును బ్రదికియున్న కణము శక్తిని వ్యయించుచు లోపలి వరుసయందే నిలుపుకొనుచుండును. మరణము నిశ్చితమైనపుడు ఆ కట్టుబాటు తెగి, ఆ పదార్థము వెలుపలికి వచ్చును. భక్షకకణములు దీనిని గుర్తించునని 1992లో నిరూపితమైనది. అయినను ఈ ఒక్క గుర్తుతోనే తీర్పు జరుగదు. ఉత్తేజితములైన కొన్ని తెల్లకణములు బ్రదికియుండియు దీనిని కొంతసేపు చూపి మరల మరుగుపరచుకొనును. ఆరోగ్యమైన కణములపై సీడీ47 అను ప్రోటీను గలదు. ‘నన్ను మ్రింగవలదు’ అనునదియే దాని సందేశము. పిలుపును నిషేధమును రెండును పరిశీలింపబడిన పిదపనే కార్యము జరుగును.

ఇచట ముఖ్యవిషయ మొకటి గలదు. భక్షకకణము సూక్ష్మజీవిని మ్రింగునపుడు అపాయసూచనలను వెదజల్లును. దానివలన వాపు, వేడిమి, నొప్పి కలుగును. అదే కణము తమలో మరణించు దానిని మ్రింగునపుడు అట్టి సూచనల నణచి, శాంతింపజేయు పదార్థములను విడుచును. రెంటను క్రియ మ్రింగుటయే. పర్యవసానము మాత్రము వేరు. పైగా స్వీకరింపబడినది వ్యర్థము కాదు. క్రొత్త ఎర్రకణములకు దినమునకు 20 మిల్లీగ్రాములకు మించిన ఇనుము కావలయును. ఆహారమునుండి లభించునది ఒకటి రెండు మిల్లీగ్రాములే. తక్కినది దాదాపుగా మరణించిన కణముల నుండియే తిరిగి వచ్చుచున్నది.

ఉపేక్షించినచో నేమగును? స్వీకరింపబడని కణము తుదకు పగిలి, దాని లోపలి పదార్థము చుట్టును చిందును. అప్పుడు దేహము తన పదార్థమునే శత్రువుగా భ్రమింపవచ్చును. లూపస్ అను వ్యాధి గల పలువురిలో ఈ శుద్ధికార్యము కుంటుపడుట కాననైనది. కావున చూడనట్లుండుట అహింస కాదు. అట్లని రక్షణచిహ్న మున్నదెల్ల రక్షణీయమనుటయు తగదు; పెక్కు కాన్సరు కణములు సీడీ47ను అధికముగా ధరించి తప్పించుకొనుచున్నవి. క్రోధము లేకుండుట వివేకము లేకుండుట కాదు.

ఈ ఉపమానమునకు హద్దు గలదు. కణమునకు మనస్సు లేదు. దానికి దయయు లేదు, ద్వేషమును లేదు. ప్రకృతిలో ఉన్నదంతయు ధర్మమని చెప్పరాదు. సంఘమును దేహముతో పోల్చి, మనుష్యులను తొలగింపదగిన కణములుగా నెంచుట మహాపాపము. 1939 మొదలు జర్మనీలో నాజీ ప్రభుత్వము వికలాంగులను, మానసికరోగులను వేలకొలదిగా చంపించిన దారుణమునకు వెనుక నున్నది ఇట్టి తలంపే. వృద్ధుడైనను, రోగియైనను, అపరాధియైనను మనుష్యుడు తునుక కాడు. తొలగింపదగినది దోషము, మనుష్యుడు కాదు.

కావున దేహము మానవునకు ధర్మమును విధించుట లేదు. ఒక సాకును మాత్రము తొలగించుచున్నది. కోపము లేనిదే శుద్ధి జరుగదను సాకు ఇక నిలువదు. మానవుడు తనలో విడువవలసినవి పెక్కు గలవు: కాలము చెల్లిన అలవాటు, ఏనాడో ముగిసిన తగవు, ఒకప్పుడు నిలబెట్టి యిప్పుడు అడ్డుపడు అభిమానము. వానిని కప్పిపుచ్చినచో లోలోన పగిలి విషమగును. వానిపై యుద్ధము ప్రకటించినచో ఆ యుద్ధమే క్రొత్త గాయమగును. వాని కాలము తీరినదని నిశ్చయముగా నెరిగి, నిశ్శబ్దముగా స్వీకరించి, అవి నేర్పిన పాఠమను ఇనుమును మాత్రము రేపటి జీవితమునకు దాచుకొనుటయే వివేకి చేయదగిన అంత్యక్రియ.